లింకన్ కుటుంబం - వంశక్రమము, వలసలు

లింకన్ కుటుంబం అమెరికా సంయుక్త రాష్ట్రాల 16వ అధ్యక్షుడైన అబ్రహం లింకన్ (ఫిబ్రవరి 12, 1809 - ఏప్రిల్ 15, 1865) జన్మించిన కుటుంబం. 1637లో ఇంగ్లండు నుండి మసాచుసెట్స్ తీరానికి చేరిన సామ్యూల్ లింకన్ ఈ కుటుంబానికి అమెరికాలో మూలపురుషుడు. అతని నుండి లెక్కించితే అధ్యక్షుడు లింకన్ ఏడవ తరం వాడు. ఈ ఏడు తరాల కాలంలో, అనగా 1637 నుండి 1830 వరకు, కుటుంబం మసాచుసెట్స్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, కెంటకీ, ఇండియానా, ఇల్లినాయి ప్రాంతాల మీదుగా క్రమంగా పడమటి దిక్కుకు జరిగింది. అమెరికా తొలినాటి వలస కుటుంబాల చరిత్రకు దీనిని మంచి ఉదాహరణగా చెప్పవచ్చును. అధ్యక్షుడైన లింకనుకే తన తాతకు పూర్వపు తరాలను గురించి స్పష్టంగా తెలియకపోవడం ఈ కుటుంబ చరిత్రలోని విశేషం. ఆయన మరణించిన రెండు దశాబ్దాల తరువాత గాని ఆ గొలుసు పూర్తిగా అతకలేదు.

ఇంగ్లండులో పూర్వీకులు

ఈ కుటుంబం తూర్పు ఇంగ్లండులోని నార్ఫోక్ కౌంటీకి చెందినది. సామ్యూల్ తాత రిచర్డ్ లింకన్ స్వాంటన్ మోర్లీ గ్రామంలో కొంత ఆస్తిపరుడు. అతడు నాలుగుసార్లు వివాహమాడాడు. 1620లో మరణించినపుడు ఆస్తిలో అధిక భాగం చివరి భార్య సంతానానికి దక్కేటట్లు వీలునామా వ్రాయడంతో, మొదటి భార్య కుమారుడైన ఎడ్వర్డ్‌కు రావలసిన వారసత్వం పోయింది. ఎడ్వర్డ్ హింగ్‌హామ్ అనే ఊరిలో సామాన్య జీవితం గడిపాడు. అతని కుమారులలో థామస్, డేనియల్, సామ్యూల్ అనే ముగ్గురు సముద్రం దాటి వెళ్ళారు. ఇంటి ఆస్తి చేజారిన కొడుకులు కొత్త భూమిని వెదుక్కొంటూ పోవడం ఈ వంశంలో ఇక్కడే మొదలైంది. ఒకటిన్నర శతాబ్దం తరువాత కెంటకీలో మరల ఇదే జరిగింది.

సామ్యూల్ నార్విచ్ నగరంలో ఫ్రాన్సిస్ లాస్ అనే నేతగాని వద్ద పని నేర్చుకొంటుండేవాడు. 1637 ఏప్రిల్ నెలలో యజమాని కుటుంబంతో పాటు మసాచుసెట్స్‌కు ప్రయాణమయ్యాడు. ప్రయాణీకుల పట్టికలో అతని పేరు "లింకార్న్" అనియు, వయస్సు 18 అనియు వ్రాసి ఉన్నది. కాని హింగ్‌హామ్ చర్చి పుస్తకం ప్రకారం అతనికి 1622 ఆగస్టు 24న జ్ఞానస్నానం జరిగింది. దానిని బట్టి అప్పటికి అతనికి పదిహేనేళ్ళు కూడా నిండలేదు. రెండును ఆ కాలపు అధికార పత్రాలే. వంశ చరిత్రలను పరిశోధించేవారు ఒకే పత్రంపై ఎందుకు ఆధారపడరాదో దీనిని బట్టి తెలుస్తుంది.

ఆ రోజులలో ఇంగ్లండులోని ప్యూరిటన్ మతస్థులు, చర్చి అధికారుల ఒత్తిడి వల్ల కొంత, జీవనాధారం కొరకు కొంత, పెద్ద సంఖ్యలో మసాచుసెట్స్‌కు తరలిపోతుండేవారు. 1629 - 1640 మధ్యకాలంలో ఈ విధంగా సుమారు 20,000 మంది వెళ్ళారని అంచనా. హింగ్‌హామ్ నుండి వెళ్ళినవారు ఎంతమంది అంటే, మసాచుసెట్స్‌లో తాము కట్టుకొన్న ఊరికి అదే పేరు పెట్టుకొన్నారు. నార్ఫోక్‌లోని హింగ్‌హామ్ చర్చిలో 1919లో అబ్రహం లింకన్ శిరోవిగ్రహాన్ని ప్రతిష్ఠించారు.

మసాచుసెట్స్ (1637 - సుమారు 1710)

సామ్యూల్ మొదట కొంతకాలం సేలంలో ఉండి, పిమ్మట అన్నలున్న కొత్త హింగ్‌హామ్‌కు చేరాడు. అప్పటికే ఆ ఊరిలో లింకన్ ఇంటిపేరు గలవారు చాలామంది ఉన్నారు. థామస్ లింకన్ అనే పేరుతోనే నలుగురు ఉండడం వల్ల పిండిమర థామస్, పీపాల థామస్, సేద్యపు థామస్, నేత థామస్ అని వారిని వృత్తిని బట్టి పిలిచేవారు. ఊరి పత్రాలలో కూడా ఆ విధంగానే నమోదు చేశారు. వీరిలో నేత థామస్ సామ్యూల్‌కు అన్న. అతనికి సంతానం లేకపోవడంతో ఆస్తి తమ్ముని కుటుంబానికి వచ్చింది. సామ్యూల్ 1690 మే 26న మరణించాడు.

సామ్యూల్ సంతానం నుండి రెండు ప్రసిద్ధ శాఖలు ఏర్పడ్డాయి. ఒక శాఖ మసాచుసెట్స్‌లోనే ఉండిపోయి విద్యావంతులను, రాజకీయ నాయకులను అందించింది. అధ్యక్షుడు జెఫర్సన్ వద్ద అటార్నీ జనరల్‌గా పనిచేసిన లీవై లింకన్, మసాచుసెట్స్ గవర్నరైన అతని కుమారుడు లీవై, మెయిన్ రాష్ట్ర గవర్నరైన మరొక కుమారుడు ఈనాక్ ఈ శాఖవారే. రెండవ శాఖ సామ్యూల్ కుమారుడు మోర్డెకై (1657 - 1727) ది. ఇతడు కమ్మరి పని నేర్చి, పొరుగున ఉన్న సిట్యుయేట్‌లో మరలు, ఇనుప కొలిమి నడిపి బాగా సంపాదించాడు. హల్ గ్రామానికి చెందిన అబ్రహం జోన్స్ కుమార్తె సారాను వివాహమాడాడు. తెలుగునాట వలెనే ఇక్కడ కూడా తాత పేరు మనుమడికి పెట్టే అలవాటు ఉండడంతో, అబ్రహం అనే పేరు ఈ తల్లి వైపు తాత నుండి లింకన్ కుటుంబంలోకి వచ్చింది.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా

మోర్డెకై పెద్ద కుమారుని పేరు కూడా మోర్డెకైయే (1686 - 1736). తండ్రి మరల పెళ్ళి చేసుకొన్న తరువాత ఇతడును, తమ్ముడు అబ్రహమును మసాచుసెట్స్ విడిచి న్యూజెర్సీలోని మన్మత్ కౌంటీకి వెళ్ళారు. అక్కడ చిన్న మోర్డెకై స్థానికంగా పలుకుబడి గల రిచర్డ్ సాల్టర్ కుమార్తె హన్నాను 1714లో పెళ్ళాడాడు. వారి కుమార్తె డెబొరా మూడేళ్ళ వయస్సులో 1720లో చనిపోయింది. ఆమె సమాధి రాయి న్యూజెర్సీలో ఉన్నది. ఊరు విడిచిన కుటుంబం వెనుక వదిలి వెళ్ళిన ఇటువంటి రాళ్ళు పరిశోధకులకు తరువాతి కాలంలో ఎంతో ఉపకరించాయి.

అదే కాలంలో మోర్డెకై పెన్సిల్వేనియాకు మారి, ఫ్రెంచ్ క్రీక్ వద్ద ఇనుప కర్మాగారంలో భాగస్తుడయ్యాడు. 1725లో తన వాటాను 500 పౌండ్లకు అమ్మి, నేటి బెర్క్స్ కౌంటీలో భూమి కొన్నాడు. 1733లో అతడు కట్టిన రాతి ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉన్నది. ఈ ప్రాంతంలో క్వేకర్ మతశాఖ వారైన బూన్ కుటుంబం వీరికి పొరుగువారు. సరిహద్దు యాత్రికుడుగా పేరుపొందిన డేనియల్ బూన్ 1734లో ఇక్కడే జన్మించాడు. మోర్డెకై చనిపోయిన కొద్ది నెలలకు పుట్టిన కుమారుడు అబ్రహం, పెద్దవాడై డేనియల్ బూన్ పినతండ్రి కుమార్తె అయిన ఆన్ బూన్‌ను 1760లో వివాహమాడాడు. అన్య శాఖవానిని పెళ్ళాడినందుకు క్వేకర్ సమాజం ఆమెను మందలించింది. తమ పూర్వీకులు క్వేకర్లని అధ్యక్షుడు లింకన్ విని ఉండడానికి ఈ సాంగత్యమే కారణం కావచ్చును.

వర్జీనియా జాన్

చిన్న మోర్డెకై, హన్నాల కుమారుడు జాన్ (1716 - 1788) వంశ చరిత్రలలో "వర్జీనియా జాన్" అని ప్రసిద్ధుడు. ఇతడు నేతగాడు. తండ్రి ఇతనికి న్యూజెర్సీలోని 300 ఎకరాలు ఇచ్చాడు. 1748లో జాన్ ఆ భూమిని అమ్మినపుడు దస్తావేజులో తాను "మోర్డెకై కుమారుడు, వారసుడు" అని వ్రాయించాడు. చూడడానికి మామూలు క్రయపత్రమే. కాని న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా లింకన్లను ఒకే కుటుంబంగా నిరూపించే ముఖ్యాధారాలలో ఇది ఒకటి.

పెన్సిల్వేనియాలో మంచి భూముల ధరలు పెరగడంతో ఆనాటి రైతులనేకులు గ్రేట్ వాగన్ రోడ్ అనే బండ్ల బాట వెంట దక్షిణాన షెనాండోవా లోయకు దిగుతుండేవారు. జాన్ కూడా 1768లో ఆ లోయలోని లిన్‌విల్ క్రీక్ ఒడ్డున 600 ఎకరాలు కొన్నాడు. ఈ ప్రాంతం 1778లో రాకింగ్‌హామ్ కౌంటీగా ఏర్పడింది. జాన్ కుమారులలో జేకబ్ అక్కడే స్థిరపడ్డాడు. ఐజాక్ టెనెసీకి, థామస్ కెంటకీకి వెళ్ళారు. జేకబ్, ఐజాక్ కుటుంబాలు బానిసలను ఉంచుకొని సేద్యం చేశాయి. బానిసత్వాన్ని రద్దు చేసిన అధ్యక్షునికి వీరు పెదతాతల, చినతాతల వరుసవారు. లింకన్ జీవిత కథలలో సాధారణంగా కనిపించకపోయినా ఇది మరువరాని విషయం.

కెప్టెన్ అబ్రహం - కెంటకీ

జాన్ పెద్ద కుమారుడు అబ్రహం (1744 - 1786) అధ్యక్షునికి తాత. స్వాతంత్ర్య యుద్ధ కాలంలో వర్జీనియా పౌరసైన్యంలో కెప్టెన్‌గా ఉన్నాడు. 1780లో తన పొలాన్ని 5,000 పౌండ్లకు అమ్మాడు. యుద్ధం మూలంగా కాగితపు డబ్బు విలువ బాగా పడిపోయి ఉండడం వల్ల ఆ మొత్తం కనిపించినంత పెద్దది కాదు. క్రయపత్రంపై భార్య పేరు "బెర్షీబా" అని ఉన్నది. ఆమె హెర్రింగ్ కుటుంబపు ఆడపడుచు బత్‌షీబా అని ఎక్కువమంది అంగీకరించారు గాని, అబ్రహం భార్యను గూర్చిన చర్చ చాలాకాలం సాగింది. అంతర్యుద్ధంలో, 1864లో, రాకింగ్‌హామ్ కౌంటీ దస్తావేజులను భద్రత కోసం బండిలో తరలిస్తుండగా ఉత్తరాది సైనికులు నిప్పుపెట్టారు. లింకన్ స్వంత సైన్యమే ఆయన తాతముత్తాతల జాడలను కొంత చెరిపివేసినట్లయింది.

కెంటకీలో అబ్రహం తీసుకొన్న భూమి వారంటులో పేరు "లింక్‌హార్న్" అని నమోదైంది. సుమారు 1782లో కుటుంబం అప్పలేచియన్ పర్వతాలు దాటింది. అప్పటి కెంటకీ వర్జీనియాలో భాగం. అక్కడ ఎన్నో తరాలుగా వేటాడుకొంటున్న ఆదివాసీ తెగలు, వేలకొలది వచ్చిపడుతున్న ఈ కొత్తవారిని ఎదిరిస్తూ పోరాడుతున్నాయి. 1786 మే నెలలో లాంగ్ రన్ వద్ద అబ్రహం ముగ్గురు కుమారులతో మొక్కజొన్న విత్తుతుండగా పొదల నుండి వచ్చిన తూటాకు బలియయ్యాడు. రెండవ కుమారుడు జొసయా సహాయం కోసం కోట వంటి రక్షిత స్థావరానికి పరుగెత్తాడు. పెద్దవాడు మోర్డెకై ఇంటిలోని తుపాకీ అందుకొని, తండ్రి శవం వద్ద ఉన్న ఎనిమిదేళ్ళ థామస్‌ను సమీపిస్తున్న దాడిదారుని కాల్చి చంపాడు. ఆ థామస్ కుమారుడే అధ్యక్షుడు లింకన్. చిన్ననాట విన్నవాటిలో తన మనస్సుపై అత్యంత బలంగా ముద్ర వేసిన కథ ఇదేనని లింకన్ 1854లో ఒక బంధువుకు వ్రాశాడు.

హత్య జరిగిన కాలం కుటుంబ భవిష్యత్తును నిర్ణయించింది. తండ్రి భూమి అంతా పెద్ద కుమారునికే చెందాలనే పాత వారసత్వ పద్ధతిని వర్జీనియా శాసనసభ 1785లో రద్దు చేసింది. కాని ఆ చట్టం 1787 జనవరి 1 నుండి గాని అమలుకు రాలేదు. కెప్టెన్ అబ్రహం అంతకు ఏడెనిమిది నెలల ముందు మరణించాడు. అందువల్ల అయిదు వేల ఎకరాలకు పైబడిన భూమి మోర్డెకైకి దక్కింది. థామస్‌కు ఏమీ రాలేదు. అతడు కూలి పనులు చేసుకొంటూ, చదువు లేకుండా తిరుగుతూ పెరిగాడని కుమారుడు తరువాత వ్రాశాడు. లింకన్ కుటుంబం తరతరాలుగా నిరుపేద కుటుంబమనే సాధారణ అభిప్రాయం సరికాదు. సామ్యూల్ మనుమలు, మునిమనుమలు కలిగినవారే. పేదరికం థామస్‌తో, ఒక చట్టపు తేదీ వల్ల వచ్చినది.

థామస్ లింకన్ - భూమి తగాదాలు

థామస్ (1778 - 1851) వడ్రంగి పని నేర్చి, 1803లో హార్డిన్ కౌంటీలోని మిల్ క్రీక్ వద్ద 238 ఎకరాలు కొన్నాడు. 1806 జూన్ 12న నాన్సీ హాంక్స్‌ను పెళ్ళాడాడు. 1808 చివరలో కొన్న సింకింగ్ స్ప్రింగ్ పొలంలో అబ్రహం జన్మించాడు. 1811లో నాబ్ క్రీక్‌కు మారారు. ఈ మూడు భూములలో ఏదీ థామస్‌కు సుఖంగా దక్కలేదు. మొదటి దానిలో సర్వే పొరపాటు వల్ల 38 ఎకరాలు తగ్గాయి. రెండవది పాత యజమానికి రావలసిన బాకీపై వేసిన దావాలో పోయింది. మూడవ దానిపై, పదివేల ఎకరాల పాత పట్టా తమదంటూ ఫిలడెల్ఫియా వారి వారసులు 1815లో ఖాళీ చేయించే దావా వేశారు.

దీనికి కారణం కెంటకీ భూముల కొలత పద్ధతి. ఫలానా చెట్టు నుండి ఫలానా వాగు వరకు అని హద్దులు వ్రాసుకొనేవారు. ఎవరి సర్వే వారే చేయించుకొనేవారు. ఒకే నేలపై ఇంటి కప్పు పెంకుల వలె ఒకదానిపై ఒకటి పట్టాలు పుట్టుకొచ్చేవి. ఒహాయో నదికి ఆవలి ఒడ్డున పరిస్థితి వేరు. అక్కడ 1785 భూశాసనం ప్రకారం ప్రభుత్వమే ముందుగా చదరపు గడులుగా కొలిచి, ఆ తరువాత అమ్మేది. అందుచేత హక్కు స్పష్టంగా ఉండేది. పైగా అక్కడ బానిసత్వానికి అనుమతి లేదు. కెంటకీని వదలడానికి బానిసత్వం కొంత కారణమనియు, భూమి హక్కుల చిక్కులే ప్రధాన కారణమనియు లింకన్ 1860లో స్వయంగా వివరించాడు. కుటుంబం వెళ్ళిపోయిన తరువాత, 1818లో, నాబ్ క్రీక్ దావాలో తీర్పు థామస్‌కు అనుకూలంగానే వచ్చింది.

ఇండియానా, ఇల్లినాయి

1816 డిసెంబరులో, ఇండియానా రాష్ట్రంగా ఏర్పడిన నెలలోనే, థామస్ కుటుంబం ఒహాయో దాటి లిటిల్ పిజన్ క్రీక్ సమీపంలోని అడవికి చేరింది. మరుసటి సంవత్సరం థామస్ విన్సెన్స్ భూమి కార్యాలయంలో ఎకరా రెండు డాలర్ల చొప్పున 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టాడు. అంత సొమ్ము కట్టలేక సగం వదులుకొని, 1827లో 80 ఎకరాలకు తిరుగులేని పట్టా పొందాడు. ఎవరూ దావా వేయలేని భూమి అతనికి నలభై తొమ్మిదవ ఏట లభించింది.

ఈలోగా ఇంటిలో మరణాలు సంభవించాయి. 1818 అక్టోబరు 5న నాన్సీ "పాల జబ్బు"తో మరణించింది. వైట్ స్నేక్‌రూట్ అనే విషపు మొక్కను మేసిన ఆవుల పాలు త్రాగడం వల్ల వచ్చే వ్యాధి ఇది. అప్పటికి దాని కారణం ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాది థామస్ ఎలిజబెత్‌టౌన్‌కు వెళ్ళి, ముగ్గురు పిల్లలున్న వితంతువు సారా బుష్ జాన్‌స్టన్‌ను పెళ్ళాడి తీసుకువచ్చాడు. అబ్రహం అక్క సారా 1828లో ప్రసవ సమయంలో చనిపోయింది. పాల జబ్బు మరల వ్యాపిస్తున్నదనే భయంతో 1830 మార్చిలో పదముగ్గురు బంధువులు ఎద్దుబండ్లపై ఇల్లినాయికి తరలి, డికేటర్ దగ్గర సంగమాన్ నది ఒడ్డున దిగారు. ఆ శీతాకాలపు భీకరమైన మంచు వారిని అక్కడ నిలువనీయలేదు. 1831లో థామస్ కోల్స్ కౌంటీకి మరలగా, అబ్రహం తండ్రి నుండి విడిపోయి న్యూ సేలం వెళ్ళాడు. 1851 జనవరిలో థామస్ మరణించినపుడు కుమారుడు అంత్యక్రియలకు వెళ్ళలేదు.

వంశ పరిశోధన

లింకన్ 1848లో కాంగ్రెసు సభ్యుడుగా వాషింగ్టన్‌లో ఉన్నపుడు హింగ్‌హామ్‌కు చెందిన సాల్మన్ లింకన్ అనే చరిత్రకారుడు ఆయన వంశం గురించి విచారిస్తూ లేఖ వ్రాశాడు. తాతకు పూర్వం తనకు ఏమీ తెలియదని, ముత్తాత పెన్సిల్వేనియా నుండి వచ్చిన క్వేకర్ అని అస్పష్టంగా విన్నానని లింకన్ బదులిచ్చాడు. రాకింగ్‌హామ్‌లోని డేవిడ్ లింకన్‌కు కూడా వ్రాసి వివరాలు అడిగాడు. ఆ సంవత్సరం సెప్టెంబరులో వూస్టర్‌లో మాజీ గవర్నర్ లీవై లింకన్ ఇంట విందుకు వెళ్ళాడు. ఇద్దరూ సామ్యూల్ సంతతి వారే గాని ఆనాడు దానిని నిరూపించగల ఆధారం వారి చేతిలో లేదు. మసాచుసెట్స్ వారితో సంబంధం మోర్డెకై, అబ్రహం, సాల్మన్ వంటి పేర్ల పోలికకు మించి తేలలేదని 1859లో కూడా ఆయన వ్రాశాడు.

1887లో సామ్యూల్ షాక్‌ఫర్డ్ అనే పరిశోధకుడు వీలునామాలు, దస్తావేజుల ఆధారంగా వంశక్రమాన్ని ప్రకటించాడు. మసాచుసెట్స్ మోర్డెకై వీలునామాలో పేర్కొన్న కుమారులే పెన్సిల్వేనియాలో కనిపించేవారని నిర్ధారణ అయింది. లీ, హచిన్‌సన్ 1909లోను, వాల్డో లింకన్ 1923లోను ప్రచురించిన గ్రంథాలు దీనిని ఇంగ్లండు వరకు విస్తరించాయి.

తల్లి వైపు వంశం అంత సులభంగా తేలలేదు. నాన్సీ తల్లి లూసీ హాంక్స్ అవివాహితగా ఉన్నపుడు నాన్సీ జన్మించిందని, తండ్రి వర్జీనియాకు చెందిన ఒక సంపన్న భూస్వామి అని లింకన్ తనతో చెప్పినట్లు ఆయన న్యాయవాద భాగస్వామి విలియం హెర్న్‌డన్ 1889లో ప్రచురించాడు. ఇది అనేకులకు రుచించలేదు. 1899లో కెరొలిన్ హాంక్స్ హిచ్‌కాక్ నాన్సీకి వేరొక గౌరవప్రదమైన వంశావళిని ప్రకటించింది గాని, 1920 దశకంలో విలియం బార్టన్ అది నిలువదని చూపాడు. లూసీ స్వయంగా షిప్లీ కుటుంబపు ఆడపడుచని, హాంక్స్ ఆమె మొదటి భర్త ఇంటిపేరని మరికొందరు వాదించారు. 2015లో వెలువడిన పరిశోధన ఈ వివాదంలో తల్లుల ద్వారా మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను ఉపయోగించింది. లూసీ సంతతిలోని స్త్రీ శాఖల వారిలోను, జోసెఫ్ హాంక్స్ భార్య ఆన్ లీ ఇతర కుమార్తెల శాఖల వారిలోను ఎక్స్1సి అనే అరుదైన ఒకే గుర్తు కనిపించింది. దీనితో లూసీ హాంక్స్ ఇంటి కుమార్తెయే అన్న వాదన బలపడింది. నాన్సీ తండ్రి ఎవరనేది మాత్రం ఈ పరీక్ష తేల్చగల విషయం కాదు.

థామస్, నాన్సీల వివాహమే జరుగలేదనే పుకారు కూడా లింకన్ శత్రువులు ప్రచారం చేశారు. వారు నివసించిన హార్డిన్ కౌంటీలో వెదికినా వివాహ పత్రం దొరకలేదు. పెళ్ళి జరిగినది పొరుగున ఉన్న వాషింగ్టన్ కౌంటీలో. అక్కడి కచేరీలో ఆ పత్రం 1878లో బయటపడింది. లింకన్ అప్పటికి మరణించి పదమూడేళ్ళయింది.

సంతతి

అబ్రహం లింకన్ నలుగురు కుమారులలో రాబర్ట్ ఒక్కడే యౌవనం దాటి జీవించాడు. రాబర్ట్ మనుమడు రాబర్ట్ టాడ్ లింకన్ బెక్‌విత్ 1985 డిసెంబరు 24న సంతానం లేకుండా మరణించడంతో అధ్యక్షుని ప్రత్యక్ష సంతతి అంతరించింది. మోర్డెకై, జొసయాల ద్వారాను, వర్జీనియా జాన్ ఇతర కుమారుల ద్వారాను వచ్చిన శాఖల వారు అమెరికాలోని పలు రాష్ట్రాలలో ఉన్నారు.